ఇన్వర్టర్ నాయనమ్మకా, చేపలకా?

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణం నుంచి ఒక గృహిణి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి ఆ వివరాలు వదిలి, సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆ ఇంట్లో ఆమె, ఆమె భర్త, ఎనిమిదో తరగతి చదువుతున్న కొడుకు, ఆయాసంతో బాధపడే అత్తగారు ఉంటారు. కొడుకు ముచ్చటపడ్డాడని మూడేళ్ల కిందట మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న అక్వేరియం కొన్నారు. అందులో 7 గోల్డ్‌ఫిష్‌లు, 4 కోయి కార్ప్‌లు, 2 గౌరామీలు, గాజుకు అతుక్కుని పాచి తినే సక్కర్ ఒకటి ఉండేవి. తొట్టి కింద స్టాండులో కానిస్టర్ ఫిల్టరు, పక్కన చిన్న గాలి పంపు ఉన్నాయి. కిందటి తుఫానుకు సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు ఆ రాత్రీ మర్నాడు పగలూ గడిచి, రెండో రాత్రి పన్నెండు దాటాక గానీ రాలేదు. ఇంట్లో ఉన్న ఇన్వర్టరును (బ్యాటరీ ఒక్కటే, 150 ఏహెచ్) అత్తగారి గదిలో ఫ్యానుకూ లైటుకూ మాత్రమే వాడాలనుకున్నారు. అందరూ పడుకున్నాక, పది గంటల ప్రాంతంలో, కుర్రవాడు చప్పుడు చేయకుండా లేచి అక్వేరియం ఎక్స్‌టెన్షన్ బోర్డును ఇన్వర్టరు లైనులో పెట్టాడు. తెల్లవారుజామున మూడున్నర దాటాక ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయింది. ఉక్కపోతకు అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. సంగతి తెలిసి తండ్రి కొడుకును కొట్టాడు. “నాయనమ్మ ప్రాణం ఎక్కువా, చేపల ప్రాణం ఎక్కువా?” అని అరిచాడు.

పొద్దెక్కేసరికి చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ కనిపించాయి. ఆకలేస్తోందనుకుని ఆమె రోజూ వేసే మేతకు రెట్టింపు వేశారు. సాయంత్రానికి 4 గోల్డ్‌ఫిష్‌లు, 3 కోయిలు చచ్చి తేలాయి; ముందు పోయినవి పెద్దవే. కరెంటు రాగానే ఫిల్టరు తనంతట తాను తిరగడం మొదలుపెట్టి, కుళ్లు వాసన వేసే నల్లటి నీళ్లు తొట్టిలోకి చిమ్మింది. తెల్లవారేసరికి మరో 2 గోల్డ్‌ఫిష్‌లు పోయాయి. ఆమె హడలిపోయి తొట్టి మొత్తం ఖాళీ చేసి, కుళాయి నీళ్లతో నింపారు. ఆ సాయంత్రం చివరి కోయి కూడా పోయింది. ఇప్పుడు మిగిలినవి గౌరామీలు రెండూ, సక్కరూ, ఒక చిన్న గోల్డ్‌ఫిష్.

నాయనమ్మ వల్లే చేపలు చచ్చిపోయాయని కొడుకు ఆవిడతో మాట మానేశాడు. మూగజీవాల ఉసురు ఇంటికి మంచిది కాదని, మిగిలిన వాటిని కోనేట్లో వదిలేస్తే పుణ్యమైనా దక్కుతుందని అత్తగారు అంటున్నారు. పెద్ద ఇన్వర్టరు కొనే స్థోమత లేదు, తొట్టి అమ్మేద్దామని భర్త అంటున్నారు. “నేనే నా చేతులతో వాటిని చంపానా? మళ్లీ అక్టోబరు వస్తోంది. ఏం చేయమంటారు?” అని ఆమె ముగించారు.

అమ్మా,

మీ ప్రశ్నకు సమాధానం మీ ఉత్తరంలోనే చాలావరకు ఉంది. ఏయే చేపలు ఏ వరుసలో పోయాయో మీరు అంత ఓపికగా రాయకపోయి ఉంటే ఈ చిక్కు విప్పడం కష్టమయ్యేది.

ముందు బతికినవి ఏవో చూడండి. గౌరామీలకు మొప్పల పైభాగంలో బయటి గాలిని నేరుగా పీల్చుకునే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది. ఫైటర్ చేపలకూ అదే ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను బజారులో తడి తట్టలో కూడా చాలాసేపు బతికి ఉండడానికి కారణం గాలి పీల్చుకునే అలాంటి ఏర్పాటే. సక్కర్ సంగతి మరోలా ఉంటుంది. నీళ్లలో ఊపిరి అందనప్పుడు అది పైకి వచ్చి గాలి గుక్క మింగి, కడుపు గోడల ద్వారా ఆక్సిజన్ తీసుకోగలదు. గోల్డ్‌ఫిష్‌కూ కోయికీ ఆ వసతి లేదు; నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజనే వాటికి ఆధారం. గాలి పీల్చగలిగినవి మూడూ బతికి, పీల్చలేనివాటిలో పెద్దవి ముందుగా పోయి, అన్నిటికంటే చిన్నది ఒక్కటి మిగిలిందంటే మొదటి ఏడు చేపల చావుకు కారణం నీటిలో ఆక్సిజన్ అయిపోవడమేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

తొట్టి నీళ్లలోకి ఆక్సిజన్ చేరేది ప్రధానంగా పై పొర నుంచే. గాలి పంపు నుంచి వచ్చే బుడగలు చేసే ముఖ్యమైన పని కూడా కింది నీటిని పైకి తెచ్చి ఆ పొరను కదిలించడమే. కరెంటు పోతే ఆ కదలిక ఆగుతుంది, గాలి నుంచి నీటిలోకి ఆక్సిజన్ చేరే వేగం బాగా పడిపోతుంది, ఉన్న నిల్వను చేపలు వాడుకుంటూ పోతాయి. ఆ నిల్వ కూడా మన వాతావరణంలో తక్కువే. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించి కరగదు. నీళ్లు వేడెక్కే కొద్దీ చేపకు అవసరమయ్యే ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. భీమవరం, కైకలూరు ప్రాంతాల చెరువుల రైతులకు ఈ లెక్క బాగా తెలుసు. రాత్రంతా చేపలతో పాటు నీటిలోని పచ్చని నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజాము వారికి గండం. మబ్బు పట్టిన రోజుల్లో ఆ వేళకు చెరువు గట్టు మీదికి వెళ్లి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమోనని టార్చిలైటు వేసి చూస్తారు. రొయ్యల చెరువుల దగ్గరైతే కరెంటు పోయిన వెంటనే ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి పట్టించే యంత్రాలు) తిప్పడానికి జనరేటర్లు సిద్ధంగా ఉంచుకుంటారు.

మీ తొట్టి కొలతలను బట్టి అందులో గులకరాళ్లు పోను 90 లీటర్లకు మించి నీళ్లు ఉండవు. గుండ్రటి పొట్ట ఉండే గోల్డ్‌ఫిష్ ఒక్కొక్క దానికి 40 లీటర్లయినా ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. కోయి రెండడుగులకు పైగా పెరిగే చెరువు చేప, ఇంటి తొట్టికి తగినదే కాదు. అంటే రెండు గోల్డ్‌ఫిష్‌లకు సరిపోయే నీటిలో 14 చేపలు మూడేళ్లు బతికాయి. అవి అన్నాళ్లు బతకడానికి కారణం మీ ఫిల్టరు, మీ గాలి పంపు ఎక్కువసేపు ఆగకపోవడమే. ఆగితే ఎంతసేపు తట్టుకుంటాయన్నది చేపల సంఖ్యను బట్టి ఉంటుంది. పలచగా ఉన్న తొట్టి ఒక పగలో రాత్రో నెట్టుకురాగలదు, కిక్కిరిసిన తొట్టి నాలుగైదు గంటల్లోనే ఇబ్బందిలో పడుతుంది. ఈ విషయం అమ్మేవారు చెప్పవలసింది. చిన్న చిన్న చేపలను చూపించి “ఇంకో రెండు వేయనా?” అని అడిగే దుకాణాలే ఎక్కువ కాబట్టి కొనేవారికి తెలిసే అవకాశం తక్కువ.

నోళ్లు తెరవడం ఆకలి సూచన అని మీరు అనుకోవడం సహజం. రోజూ మేత వేసేటప్పుడు అవి చేసే పని కూడా అదే కదా. తేడా ఎక్కడ కనిపెట్టాలంటే, ఆకలి మీద ఉన్న చేప మీ చేతి వైపు ఈదుతుంది. ఊపిరాడని చేప మీరు దగ్గరికి వచ్చినా కదలకుండా, మూతి నీటి అంచుకు ఆనించి, మొప్పలు వేగంగా ఆడిస్తూ ఉంటుంది. ఆ స్థితిలో మేత వేస్తే అరిగించుకోవడానికి చేపకు ఇంకా ఆక్సిజన్ కావాలి, తినకుండా మిగిలినది కుళ్లుతూ మరికొంత ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు మేత లేకున్నా బతుకుతుంది. కాబట్టి కరెంటు లేనంతసేపూ మేత వేయకపోవడమే వాటికి మేలు.

రెండో విడత పోయిన రెండు చేపల సంగతి వేరు. ఫిల్టరు లోపలి స్పాంజీలోనూ రాళ్లలోనూ కంటికి కనిపించని బ్యాక్టీరియా ఉండి, చేపల వ్యర్థం నుంచి వచ్చే అమోనియాను ముందు నైట్రైటుగా, తరువాత అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. దానికీ ఆక్సిజన్ కావాలి. కానిస్టర్ ఫిల్టరు మూత బిగించిన డబ్బా కాబట్టి నీటి ప్రవాహం ఆగిన కొన్ని గంటలకే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది, పట్టిన మురికి కుళ్లుతుంది. ముప్పై గంటలు అలా మగ్గిన నీరే కరెంటు రాగానే తొట్టిలోకి వచ్చి పడింది. మీరు చూసిన నలుపు, పీల్చిన వాసన అవే. అందుకే కరెంటు పోగానే మొదట చేయవలసిన పని ఫిల్టరు ప్లగ్గు తీసేయడం. రెండు మూడు గంటల్లో కరెంటు రాదని తేలితే డబ్బా విప్పి, స్పాంజీని తీసి తొట్టి నీటిలోనే పడేస్తే కొంత బ్యాక్టీరియా అయినా నిలుస్తుంది. కరెంటు వచ్చాక డబ్బాలోని నీళ్లు పారబోసి, స్పాంజీని తొట్టి నుంచి తీసిన బకెట్టు నీళ్లలో ఒకసారి పిండి, అప్పుడు బిగించి స్విచ్చు వేయాలి. కుళాయి కింద పెట్టి కడిగితే మిగిలిన బ్యాక్టీరియా కూడా పోతుంది.

చివరి కోయి విషయానికి వస్తే, నీళ్లు మార్చాలన్న మీ ఆలోచన సరైనదే. మొత్తం ఒక్కసారిగా మార్చడంలోనూ, కుళాయి నీళ్లు నేరుగా పోయడంలోనూ ప్రమాదం ఉంది. మునిసిపాలిటీ నీటిలో క్లోరిన్ ఉంటుంది. తుఫానుల తరువాత రోగాలు రాకుండా దాని మోతాదు పెంచడం కూడా మామూలే. మనుషులకు మేలు చేసే ఆ క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది. నీటిని వెడల్పాటి బకెట్లలో ఒక రోజు నిలవ ఉంచినా, అక్వేరియం దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు తగిన మోతాదులో వేసినా ఆ ఇబ్బంది తగ్గుతుంది. బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు గానీ, భూమిలోంచి అప్పుడే వచ్చిన నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంటుంది. చెంబుతో పదే పదే ఎత్తి పోసి ఆడించాకే వాడాలి. ఇంటి కప్పు మీద పడ్డ వాన నీళ్లను పోద్దామన్న ఆలోచన కూడా కొందరికి వస్తుంది. ఖనిజాలు లేని ఆ నీరు ఒకేసారి ఎక్కువగా పోస్తే చేప తట్టుకోలేదు.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. ఆ రాత్రి దోమల కోసం కాయిల్ వెలిగించారా? కరెంటు లేని రాత్రి మన ఇళ్లలో అది లేకుండా గడవదు. కాయిల్స్‌లో ఉండే మందు చేపలకు చాలా విషం. గాలి పంపు గదిలోని గాలినే లాగి నీటిలోకి పంపుతుంది కాబట్టి అది నడుస్తున్న గదిలో కాయిల్ గానీ దోమల స్ప్రే గానీ వాడకూడదు. తొట్టి ఉన్న గదిలో దోమతెర కట్టుకోవడమే మంచిది.

“నా చేతులతో చంపానా” అన్న మీ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మేత వేయడం, నీళ్లు మార్చడం రెండూ వాటిని బతికించాలని చేసినవే. ఏడు చేపలకు ఊపిరాడకపోవడానికి తొట్టిలో పద్నాలుగు ఉండడం కారణం. ఆ రాత్రి మీ చేతుల్లో ఉన్నది చాలా తక్కువ. తెలియక జరిగిన దానికి మీరు దోషం మోయనవసరం లేదు, తెలిశాక చేయవలసింది మాత్రం చాలా ఉంది.

ఇక ఇంట్లో అందరి మనసులూ విరిగిన ఆ ఇన్వర్టరు లెక్క చూద్దాం. 150 ఏహెచ్ బ్యాటరీని 12 వోల్టులతో హెచ్చిస్తే కాగితం మీద 1,800 వాట్ అవర్లు వస్తాయి. మార్పిడిలో పోయేది పోను, పాతబడిన బ్యాటరీ నుంచి 1,100 వరకు చేతికి వస్తుందనుకుందాం. పాతరకం సీలింగు ఫ్యానుకు 75 వాట్లు, లైటుకు 10 వాట్లు. ఆరింటి నుంచి పది వరకు 340 ఖర్చయింది, 760 మిగిలింది. అబ్బాయి ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టినప్పుడు ఫిల్టరు, తొట్టి లైటు, గాలి పంపు మూడూ కలిసి సుమారు 50 వాట్లు తోడయ్యాయి. అలా అయితే మూడున్నర ప్రాంతంలో ఆగిపోవాలి. మీరు రాసిన సమయం కూడా అదే. వాడు ఏమీ పెట్టకపోయి ఉంటే ఆ ఇన్వర్టరు ఉదయం ఏడు వరకు నడిచేది. మర్నాడు పగలంతా, ఆ పై రాత్రీ నాయనమ్మకు ఫ్యాను ఎలాగూ ఉండేది కాదు. ఆ మూడింటిలో గాలి పంపు ఒక్కటే పెట్టి ఉంటే దాని ఖర్చు 5 వాట్లే కాబట్టి ఫ్యాను ఆరున్నర వరకు తిరిగేది. అరగంట తేడా. ఇవి ఉజ్జాయింపు అంకెలే, మీ బ్యాటరీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. కానీ నాయనమ్మ ఊపిరీ చేపల ఊపిరీ ఒకదానికొకటి పోటీ అన్న మాటకు ఈ లెక్కలో తావు లేదు. ఆయాసం ఉన్న మనిషికే మొదటి హక్కు అన్న మీవారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. అబ్బాయి చేసిన పని తప్పే, అయితే వాడు తీసుకున్నది సుమారు మూడున్నర గంటల ఫ్యాను గాలి. ముప్పై గంటల అంధకారాన్ని వాడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. నాయనమ్మ వల్ల చేపలు పోయాయన్న వాడి మాట కూడా అంతే అన్యాయం. ఆ ఇన్వర్టరు మొత్తం చేపలకే ఇచ్చినా, వాడు పెట్టిన మూడూ నడిస్తే మర్నాడు మధ్యాహ్నం దాటేది, సాయంత్రంలోపు ఆగేది. ఈ లెక్కను ఒక కాగితం మీద వేసి ముగ్గురి ముందూ పెట్టమని నా మనవి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. పెద్ద ఇన్వర్టరు లేదా రెండో బ్యాటరీ కొనడం వాటిలో ఒకటి. డబ్బు ఉంటే ఇంటికి మంచిదే, కానీ చేపల కోసమని మాత్రం కొనవద్దు. మీ ప్రాంతానికి వచ్చే తుఫానులు గంటలతో పోవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. ఎంత బ్యాటరీ అయినా రెండో రోజుకు ఖాళీ అవుతుంది. అదే డబ్బులో కొద్ది భాగంతో అత్తగారి గదిలో పాత ఫ్యాను తీసి, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను పెట్టించండి. అది 30 వాట్ల చుట్టుపక్కల నడుస్తుంది. ఇప్పుడున్న బ్యాటరీ మీదే ఆవిడ ఫ్యాను రెట్టింపు సేపు తిరుగుతుంది. నా దృష్టిలో ఈ ఇంట్లో ముందుగా జరగవలసిన ఖర్చు ఇదే. చేపలకు సంబంధించినదిగా కనిపించకపోయినా, ఇల్లు చల్లబడేది దానితోనే.

చేపలకు కావలసింది ఇన్వర్టరుతో సంబంధం లేకుండా నడిచే గాలి పంపు. మొబైల్ చార్జరు తీగతో పనిచేసే చిన్న పంపులు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. అవి ఒకటి నుంచి రెండు వాట్లు తీసుకుంటాయి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి ఉంటే ఒక రాత్రి గడుస్తుంది, రెండు ఉంటే పగలు కూడా. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగే పరికరాన్ని గుర్తించక కొద్ది నిమిషాలకే తమంతట తామే ఆగిపోతాయి; ఆ సంగతి అవసరం పడిన రాత్రి తెలిస్తే లాభం లేదు, కొన్న రోజే చూసుకోవాలి. పంపు ఏదైనా నీటి మట్టానికి పైన పెట్టండి, లేదా గొట్టంలో నీరు వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు వేయండి. లేకపోతే కరెంటు ఆగినప్పుడు నీరు గొట్టం వెంట వెనక్కి దిగి పంపును తడిపేస్తుంది, బోర్డు దాకా కూడా పోతుంది. ఈ దారిలో ఖర్చు తక్కువ, కానీ షరతు ఒకటుంది. తొట్టిలో చేపలు తక్కువగా ఉండాలి. మిగిలిన నాలుగింటికి మళ్లీ పది కలిపితే ఏ పంపూ ఆదుకోదు. చిన్న గోల్డ్‌ఫిష్‌కు తోడు కావాలని అబ్బాయి అడిగితే ఇంకొక్కటి తెచ్చి, సక్కర్‌ను ఇచ్చేయండి. అదీ అడుగున్నర వరకు పెరిగే చేపే.

గోల్డ్‌ఫిష్ మీద ప్రత్యేకమైన మమకారం లేకపోతే, గౌరామీల వంటి గాలి పీల్చే చేపలకే తొట్టిని పరిమితం చేసుకోవడం మరో దారి. కరెంటు కోతలకు అది అన్నిటికంటే నిబ్బరమైన తొట్టి అవుతుంది. అయితే అమోనియా బాధ వాటికీ ఉంటుంది కాబట్టి ఫిల్టరు జాగ్రత్తలు తప్పవు, చిన్న గోల్డ్‌ఫిష్‌ను వదులుకోవలసి వస్తుంది. పెరిగిన గోల్డ్‌ఫిష్, గౌరామీ ఒకే తొట్టిలో చాలా కాలం సుఖంగా ఉండవు కూడా.

తొట్టిని పూర్తిగా తీసేయడం కూడా తప్పేమీ కాదు. అత్తగారి ఆరోగ్యం, ఇంటి పనులు, తుఫానుల భయం అన్నీ చూసుకుని ఇక వద్దనుకుంటే గౌరవంగానే ముగించవచ్చు. కానీ ఆ నిర్ణయం కొడుకుకు శిక్షలా కనిపించే సమయంలో తీసుకుంటే, చేపలతో పాటు నాయనమ్మ మీద నమ్మకం కూడా వాడి మనసులోంచి పోతుంది. కనీసం ఆవిడతో వాడు మళ్లీ మాట్లాడేదాకా ఆగండి.

ఎలా ముగించినా కోనేట్లోనో గెడ్డలోనో వదలడం మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. అత్తగారి మాట వెనుక ఉన్న దయ నాకు అర్థమవుతోంది. మూగజీవి మన గడపలో చావకూడదన్న ఆవిడ బాధ నిజమైనది. అయితే ఎర్రగా మెరిసే గోల్డ్‌ఫిష్‌ను కోనేట్లో వదిలితే కొంగకో నీటికాకికో అది అన్నిటికంటే ముందు కనిపిస్తుంది. సక్కర్ చావదు, పెరిగి పిల్లలు పెడుతుంది. పత్రికలు దెయ్యం చేప అని రాసేది ఈ కుటుంబపు చేపల గురించే. వాటి గట్టి ముళ్లకు జాలర్ల వలలు చిరుగుతాయి, వాటికి తినేందుకు గిరాకీ లేదు, గట్లలో బొరియలు తవ్వుతాయి. తూర్పు కనుమల వాగులూ చెరువులలో ఇవి ఎంతగా వ్యాపించాయో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశోధించి చెప్పారు. వదిలిన చేప వల్ల అక్కడి చేపలకూ, వాటి మీద బతికే జాలరి కుటుంబాలకూ నష్టమని అత్తగారికి మెల్లగా చెప్పండి. తీసుకోవడానికి అక్వేరియం దుకాణాలు చాలావరకు ఒప్పుకుంటాయి. లేకపోతే తొట్టి ఉన్న మరో ఇంటికి ఇవ్వండి. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్ నింపి కట్టించుకుంటే ప్రయాణానికి ఇబ్బంది ఉండదు.

ఉంచుకునేటట్లయితే వచ్చే తుఫాను కబురు అందినప్పటి నుంచి ఏం చేయాలో చెబుతాను. వాతావరణ శాఖ హెచ్చరిక సాధారణంగా రెండు మూడు రోజుల ముందే వస్తుంది. ఆ రోజే తొట్టి నీళ్లలో నాలుగో వంతు మార్చండి, ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బకెట్లు నింపి నిలవ పెట్టండి, పవర్ బ్యాంకులు చార్జి చేయండి. తుఫాను తాకే ముందు రోజు నుంచి మేత ఆపేయండి. కరెంటు పోయాక తొట్టి మూత తీసి, చేపలు ఎగరకుండా పైన దోమతెర గుడ్డ కట్టండి. పంపు కూడా ఆగిపోతే చేతులే దిక్కు. వెడల్పు మూతి ఉన్న చెంబుతో తొట్టి నీళ్లే తీసి, అడుగు ఎత్తు నుంచి జల్లెడలోకి పోస్తే ధార చినుకులుగా విడిపోయి గాలి ఎక్కువగా పట్టుకుంటుంది. అరగంటకొకసారి పది నిమిషాలు అలా పోస్తే చేపలు గట్టెక్కుతాయి. రాత్రిపూట ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోవాలి. అప్పటికీ మూతులు పైకి పెడుతుంటే, బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బుల్లోకి, సబ్బు అంటకుండా శుభ్రంగా కడిగాక, తొట్టి నీళ్లతోనే కొన్నిటిని మార్చండి. నీటి పరిమాణం అంతే ఉన్నా గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది. చెరువుల్లో చల్లే ఆక్సిజన్ గుళికలు తెచ్చి వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఎకరాల లెక్కన వాడే ఆ మందును 90 లీటర్లకు తూచడం ఇంట్లో అయ్యే పని కాదు. పెట్రోలు జనరేటరు అద్దెకు తెచ్చినా ఇంటి లోపల, వరండాలో నడపకండి, దాని పొగ మనుషుల ప్రాణం తీస్తుంది.

తుఫాను రోజుల్లో వాతావరణం చల్లగా ఉండడం ఒక అదృష్టం. మే నెల కోతల్లో వేడి అదనపు గండం. అప్పుడు గడ్డకట్టించిన నీళ్ల సీసాను మూత బిగించి తొట్టిలో తేల్చవచ్చు, కానీ నీరు ఒకేసారి చల్లబడకుండా మధ్యలో తీస్తూ ఉండాలి.

కరెంటు వచ్చాక ఒక వారం పాటు మేత సగానికి తగ్గించి, రెండు రోజులకొకసారి అయిదో వంతు నీళ్లు మార్చండి. ఫిల్టరు బ్యాక్టీరియా మళ్లీ పెరిగేదాకా అమోనియా పెరిగే అవకాశం ఉంటుంది. మీ తొట్టి నీళ్లు మొత్తం మారాయి కాబట్టి ఈ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే.

అబ్బాయి విషయంలో నా సలహా, వాడిని క్షమాపణ చెప్పమని నిలబెట్టకండి. పంపు, పవర్ బ్యాంకు కొన్నాక, ఏదో ఒక శనివారం సాయంత్రం ఆరింటికి అక్వేరియం ప్లగ్గు మీరే తీసేసి, ఆ పంపు మీద తొట్టి ఎంతసేపు నడుస్తుందో చూసి రాసే బాధ్యత వాడికి అప్పగించండి. నాయనమ్మ గదిలో కొత్త ఫ్యానును కూడా అదే రాత్రి ఇన్వర్టరు మీద నడిపించి, అది ఎప్పుడు ఆగిందో అదే కాగితం మీద వాడితోనే రాయించండి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచిన వెంటనే మెయిన్ లైనులో ప్లగ్గు పెట్టేయాలి. మరీ త్వరగా ఆ స్థితి వచ్చిందంటే పవర్ బ్యాంకు చాలడం లేదనో, చేపలు ఇంకా ఎక్కువగా ఉన్నాయనో అర్థం. అక్టోబరు రాకముందే ఆ రెండింటిలో ఒకటి సరిచేసుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది.